ఎడమపక్క పువ్వు

ఆదోని,
4-6-1979

చెల్లెలు తారాబాయికి అన్న భీమరావు ఆశీస్సులు.

మేము ముగ్గురం బాగానే ఉన్నాం. మామిడికాయ ఊరగాయ పెట్టడం అయింది. కారం ఎక్కువైందని నేను, నా నాలుకకే రుచి తెలియడం లేదని మీ వదిన. ఆ వ్యాజ్యం ఇంకా తేలలేదు.

అసలు సంగతికి వస్తాను. మా సరసుకు ఉద్యోగం వచ్చింది. మీ ఊళ్ళోనే, ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పే పని. ఈ నెల ఇరవై అయిదులోగా చేరాలట. నీ ఇంట్లో ఉండి బడికి పోతానంటోంది. నేను వద్దన్నాను. అప్పటినుంచి అన్నం వడ్డిస్తోంది, మజ్జిగ పోస్తోంది, అడిగినదానికి 'ఊ' అంటోంది. పొద్దున పేపరులో ఒక తప్పుడు వాక్యం చూపించి రెచ్చగొట్టాను. మామూలుగా అయితే మధ్యాహ్నందాకా నాతో వాదించేది. దానికీ 'ఊ' అంది.

నువ్వు మేనకోడలిని వెనకేసుకొస్తావని నాకు తెలుసు. గంట బస్సు ప్రయాణానికి ఉత్తరాలెందుకు, పోయి మాట్లాడి రాకూడదా అని మీ వదిన దెప్పుతోంది. మన పుట్టింటి నియమం ఆమెకు ఇన్నేళ్ళయినా ఒంటబట్టలేదు. మనిద్దరం ఎదురెదురుగా వాదించుకుంటే మాధవరంలో వీధి చివరిదాకా వినపడేది. "నోటితో వాదిస్తే గొంతు ఉన్నవాడు గెలుస్తాడు, రాసి వాదిస్తే హేతువు ఉన్నవాడు గెలుస్తాడు" అని నాన్న చెరో పలక ఇచ్చి చెరో గదిలో కూర్చోబెట్టేవాడు. తర్కం చెప్పి బతికిన సేతుమాధవరావు పిల్లలం. కాబట్టి పద్ధతిగానే రాస్తున్నాను.

ప్రతిజ్ఞ: సరసు ఎమ్మిగనూరు ఉద్యోగంలో చేరకూడదు. హేతువు: ఆడపిల్ల ఉద్యోగానికని గడప దాటితే ఇంటికి కీడు. ఉదాహరణ: పత్తికొండ హనుమంతమ్మ. కూతురు టీచరుగా చేరిన వారంలోనే వాళ్ళ పాడిబర్రె చచ్చింది. కనుక చేరకూడదు.

ఖండించగలిగితే ఖండించు. విఠల్ బావను అడిగానని చెప్పు.

నీ అన్న,
భీమరావు


ఎమ్మిగనూరు,
7-6-1979

అన్నకు తార నమస్కారాలు.

నీ ఉత్తరం వచ్చేదాకా ఇక్కడ అందరం బాగున్నాం. అది చదువుతూ మీ బావకు నవ్వి నవ్వి పొలమారింది. నేను నెత్తిన తట్టాల్సి వచ్చింది.

హనుమంతమ్మ బర్రెకు ఆ ఉద్యోగపు ఉత్తర్వు ఎవరు చదివి వినిపించారు? కాకి వచ్చి వాలింది, తాటిపండు రాలింది. కాకి వాలినందుకే పండు రాలిందనుకునేవాడు ఆపైన ప్రతి కాకి వెనకా బుట్ట పట్టుకుని పరిగెత్తుతాడని నాన్న చెప్పలేదా? ఇదే కాకతాళీయమని నువ్వు ముప్పయ్యేళ్ళు పిల్లలకు చెప్పావు. నీ ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయావు.

పైగా ఉన్నది ఒక్క బర్రె. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటాం. మెతుకులన్నీ ఒకే కుండలో, ఒకే మంట మీద ఉంటాయి కాబట్టి అది చెల్లుతుంది. ఆడపిల్లలందరూ ఒకే కుండలో ఉడకడం లేదు. మా పక్కింటి బసమ్మ కూతురు నర్సుగా చేరిన నెలలోనే వాళ్ళ ఆవు ఈనింది, కోడెదూడ. నీ చచ్చిన బర్రెకూ మా ఈనిన ఆవుకూ చెల్లు. ఇంకో హేతువు వెతుక్కో.

తర్కం అయింది కాబట్టి ఇప్పుడు నా మనసులో మాట రాస్తున్నాను. నా పిల్లలిద్దరూ బళ్ళారి హాస్టలుకు పోయిన తరువాత ఈ ఇల్లు ఇల్లులా లేదు. గోడలు నన్ను మింగడానికి చూస్తున్నాయి. నా ప్రాణం ఎప్పుడో పోయింది, ఈ ఉత్తరం రాస్తున్నది నా నీడ. సరసును పంపావా, మళ్ళీ బతుకుతాను.

నీ చెల్లెలు,
తార


ఆదోని,
9-6-1979, శనివారం

తారా, మీ వదిన మీ ఇంటికి చేరిందో లేదో ముందు అది రాయి. ఆశీస్సులు ఆ తరువాత.

ఆమెకు కన్నడం తప్ప తెలుగు చదవడం రాదని తెలిసి కూడా అట్లాంటి రాతలు రాస్తావా? నీ ఉత్తరం వచ్చేసరికి నేను గుడికి పోయి ఉన్నాను. సరసు స్నేహితురాలింట్లో ఉంది. పక్కింటి పత్తి వ్యాపారి ఇంద్రసేనయ్య భార్య కన్యకమ్మను పిలిచి మీ వదిన ఉత్తరం చదివించుకుంది. కన్యకమ్మకు కాగితం విప్పగానే చివరి పేరా కంటపడింది.

నేను ఇంటికి వచ్చేసరికి తలుపు గొళ్ళెం పెట్టి ఉంది. కన్యకమ్మ గోడ మీది నుంచి చెప్పింది.

"మీ చెల్లెలికి శానా సీరియస్ అంట సామీ. పానం పోయిందని ఆయమ్మే రాసింది."

"పోయినామె ఉత్తరం ఎట్ల రాస్తుందమ్మా?"

"అదే నేనూ అంటి. అంబాబాయమ్మ ఇనలే. శొంఠి, వాము మూట కట్టుకోని బస్సెక్కె."

ఉత్తరం తీసుకుని చదివాను. నీ ప్రాణం భేషుగ్గా ఉంది, అలంకారాలే మితిమీరాయి. ఉప్పు వేసుకోమన్నారు గానీ ఉప్పే అన్నంగా తినమనలేదు.

ఇక వాదానికి వస్తాను. బర్రెను వదిలేస్తున్నాను. కానీ ముందు సంగతి ఆలోచించు. ఇవాళ ఎమ్మిగనూరు అంటుంది. రేపు బదిలీ మీద కర్నూలు అంటుంది. ఎల్లుండి హైదరాబాదు. ఆ తరువాత ఢిల్లీ. అక్కడ గోధుమ రొట్టెలు తిని, హిందీ మాట్లాడి, చివరికి నన్ను 'పితాజీ' అంటుంది. మొదటి అడుగే వేయనివ్వకపోతే ఇదంతా తప్పుతుంది. అయినా చిన్నప్పుడు చింతచెట్టెక్కి, దిగడం రాక పొద్దు గూకేదాకా ఏడ్చినదానివి. నీ సలహా నేనెట్లా నమ్మను?

అన్నిటికంటే పెద్దమాట ఇది. ఇవాళ పొద్దున మా వీధి ఆంజనేయస్వామిని పువ్వు అడిగాను. మన ఇళ్ళలో ఏ పెద్ద పనికైనా అడిగేదే కదా. స్వామి రెండు భుజాల మీద తడిపూలు అద్ది, మనసులోది చెప్పుకుని కూర్చున్నాను. కుడిపక్కది ముందు రాలితే సరే, ఎడమపక్కది రాలితే వద్దు. చూస్తూ ఉండగానే ఎడమ పువ్వు రాలింది. పూజారి కూడా చూశాడు. స్వామే వద్దన్న తరువాత సరసుకు నువ్వే నచ్చజెప్పాలి.

అన్న


ఎమ్మిగనూరు,
12-6-1979

అన్నకు నమస్కారాలు.

వదిన క్షేమంగా చేరింది. శనివారం మధ్యాహ్నం నేను వసారాలో కూర్చుని జొన్నరొట్టె, పుంటికూర తింటున్నాను. వాకిట్లో జట్కా ఆగింది. వదిన కళ్ళు తుడుచుకుంటూ దిగి, నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమే తారా, పానం పోయిందని రాసినావు?"

"అది ఊరికే రాసినా వదినా. రా, రొట్టె తిందువు."

"ఊరికే రాస్తారా ఎవురన్నా? దోవంతా ఏడ్సుకుంటా వచ్చినా. బస్సులో వాళ్ళంతా నాకు సీటిచ్చి, నీ గుణాలు సెప్పమని అడిగిరి. నేనూ సెప్తి, శానా మంచిదని."

ఆ పొగడ్తలన్నీ వెనక్కి తీసుకుంటున్నట్టు చెప్పి, కోపంగానే రొట్టెకు కూర్చుంది. నాకు నిజంగా సిగ్గేసింది అన్నా. మాట అందంగా ఉందని రాశాను గానీ, దాన్ని నమ్మి ఒక మనిషి ఏడుస్తూ వస్తుందని అనుకోలేదు. వదిన కాళ్ళు పట్టుకున్నాను. ఆమె శొంఠి కషాయం కాచి, ఏ రోగమూ లేని నా చేత తాగించి కసి తీర్చుకుంది.

అయితే నీ తర్కమూ నా తర్కమూ చేయలేని పని ఆ అతిశయోక్తి చేసింది. సోమవారం బడి తెరిచారు. వదినను తీసుకుపోయి చూపించాను. అంతా తిరిగి చూసి వచ్చి ఏమందో తెలుసా?

"నీళ్ళ కుండ మీద మూత ఉండాది. మూత మీద బోర్లించిన గ్లాసుండాది. ఇట్లాంటి బడిలో మన సరసు ఉంటే నాకేమి భయమే?"

కుండ మీద మూత చూసి బడినంతా మెచ్చుకోవడం ఒక్క మెతుకు పట్టి చూడటమే. ఆ దోషాన్ని నేను సరిదిద్దలేదు. నాకు పనికొచ్చే దోషం కాబట్టి ఊరుకున్నాను. నాన్న ఉంటే నన్ను గోడకుర్చీ వేయించేవాడు.

నీ ఢిల్లీ సంగతి. ఎమ్మిగనూరు నుంచి కర్నూలుకు, కర్నూలు నుంచి ఢిల్లీకి మెట్టు తరువాత మెట్టు నువ్వే తోసుకుంటూ పోయావు. పిల్ల ఇంకా ఆదోని బస్టాండు కూడా చేరలేదు. చింతచెట్టు సంగతి నిజమే. చెట్టెక్కి ఏడ్చినంత మాత్రాన నేను రెండూ రెండూ నాలుగంటే అయిదవుతుందా? మాట ఎవరిదని కాదు, మాటేమిటని చూడు. ఇంకొకటి, ఆ రోజు నన్ను చెట్టెక్కించి నిచ్చెన లాగేసింది నువ్వే.

ఇక పువ్వు. స్వామితో నేను వాదించను. నాకూ ఆయన మీద భక్తి ఉంది. అయితే జవాబు రాశావు గానీ ప్రశ్న రాయలేదు. జవాబును తూచేముందు ప్రశ్నను మళ్ళీ చదవమని నాన్న పోరేవాడు కదా. నువ్వు స్వామిని ఏమని అడిగావో అక్షరం మార్చకుండా రాసి పంపు. ఆయన వద్దన్నది నిజమైతే సరసుకు నేనే నచ్చజెప్తాను. నోటిమాట కాదు, రాసి ఇస్తున్నాను.

వదినను ఈ వారమంతా ఉంచుకుంటాను. నువ్వు సరసు చేతి వంట తిను. తింటూ దాని ముఖం కూడా ఒకసారి చూడు.

తార


ఆదోని,
16-6-1979

తారకు,

ఈ ఉత్తరం నిన్న మొదలుపెట్టి ఆపాను. ఇవాళ మళ్ళీ మొదలుపెడుతున్నాను.

"స్వామీ, సరసు మా ఇంట్లోనే ఉండిపోవడం మంచిదైతే కుడిపక్క పువ్వు దయచేయి." నేను అడిగిన మాటలు ఇవి.

నిన్న ఇంతవరకు రాసి, చదువుకున్నాను. మళ్ళీ చదువుకున్నాను. ఇంట్లో ఉండటం మంచిదా అని అడిగాను. స్వామి ఎడమ పువ్వు ఇచ్చాడు. అంటే ఉండటం మంచిది కాదన్నాడు. నేను ఎడమ పువ్వు చూడగానే 'వద్దు' అనుకున్నాను. ఆ వద్దును తీసుకొచ్చి పిల్ల ప్రయాణానికి తగిలించాను. మనం తెచ్చుకున్న సాక్షి బోనెక్కి ఎదుటివాడి పక్షాన చెప్పినట్టు, మన హేతువే మన మాటను పడగొడితే దాన్ని విరుద్ధం అంటారు. హేతువుల్లో దోషాలు చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ నవ్వుతూ చెప్పిన పాఠం అది. ఇంత తెలివితక్కువ పని ఎవడు చేస్తాడని పిల్లలు అడిగేవాళ్ళు. ఎవడూ చేయడు, పరీక్ష కోసం నేర్చుకోండి అనేవాణ్ణి.

కాగితం చించేద్దామనిపించింది. మనసులో అడిగిన మాట, పూజారికి కూడా తెలియదు. ఒక్క ముక్క మార్చి రాస్తే నువ్వే సరసుకు నచ్చజెప్పేదానివి. అట్లా గెలిచి ఆ పిల్ల ముఖం ఎట్లా చూడను? పెరట్లోకి పోయాను. చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఉన్నదున్నట్టు చెప్పాను. తల ఎత్తకుండా విన్నది.

"నాయనా, ఆంజనేయస్వామిని అడిగినావు. అత్తను అడిగినావు. సచ్చిపోయిన బర్రెను గూడ అడిగినావు. నన్ను అడిగినావా?"

చాటలోంచి ఒక రాయి ఏరి పారేశాను.

"తప్పే. ఇప్పుడు అడుగుతాండా. ఎందుకు పోవల్లమ్మా నీకు? ఈడ ఏమి తక్కువ?"

"తక్కువేమీ లేదు నాయనా. నువ్వు ఇల్లంతా తిరుగుతా పాఠం సెప్పుకుంటాంటే ఇంటా పెరిగితి. నాకు వేరే పని ఏమి వస్తాది? నీ మాదిరి నిలబడుకోని పాఠం సెప్పల్ల, అంతే."

నన్ను వదిలించుకుని పోవాలనుకుంటోందని ఇన్నాళ్ళూ నేను అనుకున్నాను తారా. నా పనే చేయడానికి పోతానంటోందని నాకు తట్టనే లేదు. అక్కడే బియ్యం పక్కన కూర్చుండిపోయాను.

నిజం రాస్తున్నాను. నాకు హేతువు లేదు. ఉన్నది భయం. సాయంత్రం కాఫీ తాగుతూ నేనొక మాట అంటే, 'అట్ల ఎట్లవుతుంది నాయనా' అనే మనిషి ఈ ఇంట్లో సరసు ఒక్కతే. మీ వదిన మంచిది, నేనేమన్నా సరే అంటుంది. సరసు పోతే నేనన్న ప్రతి మాటా ఒప్పే అయిపోతుంది. అట్లాంటి ఇంట్లో నేను బతకలేను. ఇది రాయడానికి సిగ్గుపడి బర్రెను, ఢిల్లీని, చింతచెట్టును, చివరికి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను. ఇందులో అలంకారమేమీ లేదు. చదివి విఠల్ బావకు వినిపించవద్దు.

పిల్లను పొమ్మన్నాను. ఇన్ని రోజుల తరువాత నవ్వింది. ఆదివారం, ఇరవై నాలుగున బస్సెక్కిస్తాను. ఈలోగా మీ వదినను పంపు. సంతోషంలో ఉన్నవాళ్ళు వంట చేయకూడదు, నిన్న చారులో ఉప్పు వేసి, మరిచి మళ్ళీ వేసింది. అడిగితే, నీ నాలుకకే రుచి తెలియడం లేదంది.

నీ అన్న


ఎమ్మిగనూరు,
30-6-1979

అన్నకు నమస్కారాలు. ఈసారి కోపంతో పెట్టిన నమస్కారాలు.

సరసు వచ్చిన మర్నాడే బడిలో చేరింది. వారం తిరగకముందే మా ఇల్లు సంతలా అయింది. పెరుగు కవ్వంతో చిలకాలా, గరిటెతో చిలకాలా అన్నదాని మీద నాతో వాదం. మీ బావ ఎవరు గెలుస్తుంటే వాళ్ళ పక్షం. నీ ఉత్తరంలో వినిపించవద్దన్న ముక్క నేను ఆయనకు వినిపించాను. ఈసారి నవ్వలేదు. లేచిపోయి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

నా కోపం దేనికంటే, నిన్న శుక్రవారం సాయంత్రం సరసు బడి నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా అడిగింది.

"అత్తా, నాయన ఇంటికి వచ్చినాడా?"

"లేదే. ఎందుకు?"

"పాఠం సెప్తాంటే కిటికీ అవతల నల్ల గొడుగు కనపడింది. గంట కొట్టేదాకా ఆడనే ఉండె. బయటికొచ్చి చూస్తే యాడా లేడు."

గొడుగు చూసి మనిషిని పోల్చడం ఏమిటని నేను కొట్టిపారేశాను. పొద్దుగూకాక మీ బావ స్నేహితుడొకాయన వచ్చి, ఆదోని బస్సులో భీమరావుగారిని చూశానన్నాడు. నా ఊరికి వచ్చి నా గడప తొక్కకుండా పోతావా? ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చేదాన్ని కానా?

నా కోపం పోనీ. ఆ పిల్ల మాట విను. "నాయనకు నా పాఠం నచ్చలేదేమో అత్తా. అందుకే నాతో మాట్లాడకుండా పాయ" అంది. అన్నం కలిపి పెట్టుకుని కూర్చుంది, తినలేదు. అలా అయి ఉండదని నేను చెప్పాను. నా దగ్గర హేతువేది, చూపించడానికి? నిజమేమిటో నువ్వే రాయి.

తార


ఆదోని,
2-7-1979

తారకు అన్న భీమరావు ఆశీస్సులు.

నీ అనుమానంలో దోషముంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, ఒప్పుకుంటాను. గొడుగు ఉన్నచోటల్లా భీమరావు ఉంటాడా? ఈ జిల్లాలో నల్ల గొడుగు లేని పంతులు లేడు. బస్సులో చూశానన్న ఆయనకు చూపు ఏమాత్రం ఉందో ముందు కనుక్కో. శుక్రవారం నేను ఆదోని దాటలేదు. ఈ విషయంలో మీ వదినను సాక్ష్యం అడగవద్దు, ఆమెకు అబద్ధం చెప్పడం చేతకాదు.

అయినా సరసుకు ఒక మాట చెప్పు. ఉపమాలంకారం అనగానే నేను ముప్పయ్యేళ్ళు ముఖానికి చంద్రుణ్ణే తెచ్చాను. మీ ఇంట్లో మీరు రోజూ చూసేదాన్ని దేనితో పోలుస్తారు అని పిల్లల్నే అడగాలని నాకెప్పుడూ తోచలేదు. ఆ నేతవాళ్ళ పిల్ల ముత్తమ్మ లేచి, "మా నాయన మగ్గం ఆగితే మా ఇల్లు ఊపిరి బిగబట్టుకున్నట్టు ఉంటాది టీచర్" అంది చూడు, అంత మంచి ఉపమ నా క్లాసులో ఎవరూ చెప్పలేదు. ఇంకో పిల్ల వాళ్ళ అవ్వ గురకను పిండిమర అంది. క్లాసంతా నవ్వింది, సరసు కూడా నవ్వింది. నా క్లాసులో ఎవరూ నవ్వేవాళ్ళు కాదు, నేను నవ్వనిచ్చేవాణ్ణి కాదు. కిటికీ దగ్గర నిలబడినవాడికి కళ్ళు చెమర్చాయి. ఆ ముఖంతో మీ ఇంటికి వస్తే విఠల్ బావ ఏమనుకుంటాడు? అందుకే వచ్చిన బస్సుకే తిరిగి పోవలసి వచ్చింది, ఆ గొడుగాయనకు.

వెనక బెంచీల్లోకి వినపడాలంటే గొంతు ఇంకొంచెం పెంచాలి. తక్కినదంతా నాకంటే బాగా చెప్పింది. ఈ ఉత్తరం అందగానే, పిల్ల అన్నానికి కూర్చోకముందే ఈ మాట చెప్పు.

అన్న,
భీమరావు